వేళ తప్పిన ఉసుళ్ళు

పోయినేడు మార్చిలో, ఒక శనివారం రాత్రి మా ఊళ్ళో ఉసుళ్ళు, అంటే పుట్టల్లోంచి ఎగిరొచ్చే రెక్కల చెదలు, లేచాయి.

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎండ పేల్చేసింది. నాలుగింటికి మబ్బు కమ్మి, గాలి లేచి, మామిడి పిందెలు రాల్చి, ముప్పావు గంట గట్టి వాన కొట్టింది. నేను విజయనగరంలో బస్సెక్కి గజపతినగరంలో దిగేసరికి రోడ్డంతా నీళ్ళు. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని కూర్చున్నానో లేదో, వసారాలో బల్బు చుట్టూ ముందు నాలుగు, తర్వాత నలభై, ఆ తర్వాత లెక్కపెట్టే పని లేదు. అమ్మ గబగబా లైట్లార్పి, కూర గిన్నె మీద పళ్ళెం మూతేసి, చీకట్లోంచే అంది: "ఏటిరా ఇది, ఇంకా ఉగాదైనా ఎల్లలేదు. ఇప్పుడేటి ఉసుళ్ళు?"

మా ఇంట్లో ఉసుళ్ళంటే మృగశిర కార్తె. రోహిణి ఎండలకి ఒళ్ళు ఉడికిపోయాక, జూన్ రెండో వారంలో తొలి వాన పడ్డ సాయంత్రం వచ్చేవి. నాయనమ్మ లాంతరు కింద వెడల్పాటి బేసిన్లో నీళ్ళు పోసి పెట్టేది. పడ్డవాటిని తీసి, రెక్కలు చెరిగేసి, పెనం మీద వేపి, వేపిన బియ్యంలో ఉప్పూ కారం చల్లి కలిపేది. నెయ్యి కాచినప్పుడు వచ్చేలాంటి కమ్మటి వాసన. ఇంటర్లో చేరి టౌనుకి వచ్చాక నేను తినడం మానేశాను, సిగ్గుతో. ఆ సంగతి వేరే.

ఆ రాత్రి ఫోన్లో స్టేటస్ పెట్టాను. రెక్కలు పరుచుకున్న గచ్చు ఫోటో, కింద "వాతావరణ మార్పు అంటే ఎక్కడో మంచు కరగడం కాదు, ఇదీ" అని ఒక వాక్యం. లైకులు బాగానే వచ్చాయి. ఆ తర్వాత జూన్లో మృగశిర వాన పడింది. మా వసారాలో లైటు వేసే ఉంచాను. ఒక్క ఉసుడూ రాలేదు. నా వాక్యం నిజమైందని, చెప్పుకోవడానికి సిగ్గే గాని, కాస్త సంతోషం కూడా కలిగింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ వాక్యం నాకు అరగలేదు. ఎందుకు అరగలేదో రాద్దామనే ఇది.

మావయ్య ఫోను

స్టేటస్ చూసిన మర్నాడు పొద్దున్నే మెంటాడ వైపు నుంచి మా మావయ్య ఫోను చేశాడు. ఆయన నాలుగెకరాల మామిడితోట మీద బతికే మనిషి. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు, దేన్నీ నమ్మడు.

"ఏటల్లుడూ, వానదేనా తప్పంతా? మీ ఊరి పొలిమేరలో పుట్టలన్నీ పొక్లెయినెట్టి పీకీసినప్పుడు స్టేటసెట్టలేదేటి?"

నిజమే, పెట్టలేదు. రాయపూర్ రోడ్డుకీ మా ఊరికీ మధ్య ఒకప్పుడు తాటిచెట్లూ, బీడూ, పుట్టలూ ఉండేవి. పదకొండు పుట్టలు. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, నాగుల చవితికి ఏ ఇంటివాళ్ళు ఏ పుట్టకి పోవాలో ఊళ్ళో వాడుక ఉండేది. మాది ఈతచెట్టు కింద పుట్ట. పాలు, చిమ్మిలి, చలిమిడి, కోడిగుడ్డు, ఆ పక్కనే మతాబులు. పక్కింటివాళ్ళ పుట్ట దగ్గర మేం పాలు పోస్తే మాటపట్టింపులు వచ్చేవి కూడా. లేఅవుట్ వేసినప్పుడు అందులో తొమ్మిది పోయాయి. మిగిలిన రెంటిలో ఒకటి మా చేలో గట్టు మీద ఉంది. రెండోది కొలతల్లో రోడ్డు మలుపులో పడి, ఎవరి ప్లాటులోకీ రాక బతికిపోయింది. ఊరంతా ఇప్పుడు ఆ రెంటి దగ్గరే క్యూ కడుతున్నాం.

మావయ్య వాదన సూటిగా ఉంటుంది. వాన వేళ తప్పడం మన చేతిలో లేదు, పుట్ట తవ్వడం మన చేతిలో ఉంది. చేతిలో ఉన్నది దాచడానికి చేతిలో లేనిదాన్ని చూపిస్తున్నాం. "గోబల్ వార్మింగని ఒకటి దొరికింది కదా మీకు. ఏం సేసినా దానిమీదకి తోసీడమే." ఆయన నోట్లో 'గ్లోబల్' తిరగదు. మాట మాత్రం తిన్నగా తగులుతుంది.

రెండో అభ్యంతరం నాకు నేనే పెట్టుకున్నాను. ఉసుళ్ళన్నీ ఒక జాతి కాదు. వానాకాలం ముందరి జల్లులకి లేచే రకాలు ఎప్పుడూ ఉన్నాయి. మామిడి జల్లులు పడినప్పుడు ఏప్రిల్లో, మేలో ఉసుళ్ళు చూశామని మా వీధిలోనే ఇద్దరు చెప్పారు. నా చిన్నతనం అంటే పదిహేను వానాకాలాలు. అందులో నాకు గుర్తున్నవి మూడో నాలుగో. ఆ నాలుగూ జూన్లోనే వచ్చి ఉండొచ్చు, లేకపోతే బడి తెరిచే రోజులతో కలిసి నాకు జూన్‌గా గుర్తుండిపోయి ఉండొచ్చు. లెక్కలు రాసుకునే ఉద్యోగం నాది. నాలుగు ఎంట్రీలు చూసి బ్యాలెన్స్ తేల్చేవాణ్ణి ఆఫీసులో కూర్చోనివ్వరు.

ఎండకి బెదిరేవి కావు

అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాను. మొదట నాకు ఎదురైంది, నేను ఊహించుకున్నదానికి తలకిందులు. చీమలు, చెదలు, తేనెటీగలు, వీటికి ఎండంటే ఏమంత భయం లేదు.

తేనెటీగలు పిల్లలున్న గదుల్ని 34, 35 డిగ్రీల దగ్గర నిలబెడతాయి. వేడెక్కితే కొన్ని నీళ్ళు మోసుకొచ్చి గదుల అంచుల మీద పల్చగా పూస్తాయి, కొన్ని వరసగా నిలబడి రెక్కలు విసురుతాయి. మన కిటికీకి తడిపిన వట్టివేళ్ళ తడిక కట్టి ఫ్యాను పెట్టినట్టే. మార్టిన్ లిండావర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1950లలో దక్షిణ ఇటలీలో, నల్లటి లావా రాళ్ళ నేల మీద, నడి ఎండలో తేనెపెట్టె పెట్టి చూశాడు. బయట 70 డిగ్రీల దాకా కాగినా, నీళ్ళు అందినంతసేపూ లోపల 35 దాటనివ్వలేదు ఈగలు. నీళ్ళు అందినంతసేపూ అన్నచోట నేను ఆగిపోయాను. మా ఇంటి వెనక బోరు కుళాయి కారుతుంటుంది. మే నెలలో దాని కింద సిమెంటు గచ్చు మీద తడి ఉన్నంత మేర తేనెటీగలు మూతులు ఆనించి వరసగా ఉంటాయి. దాహానికి వచ్చాయనుకునేవాణ్ణి. అవి ఇంటికి కూలర్ నీళ్ళు మోస్తున్నాయన్నమాట. పోయిన వేసవిలో ఆ వాషర్ మార్పించేశాను, నీళ్ళు వృథా అవుతున్నాయని.

ఇక చెదలైతే, వేడి పెరిగేకొద్దీ చెలరేగిపోతాయి. 2022లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. వందమందికి పైగా కలిసి ఆరు ఖండాల్లో ఒకే రకం చెక్క ముక్కలు నేలమీద పెట్టి, ఎక్కడ ఎంత వేగంగా తింటున్నాయో చూశారు. పది డిగ్రీల వేడి పెరిగితే చెదలు చెక్కని కనిపెట్టి తినడం 6.8 రెట్లు పెరుగుతోంది. చెక్కని బూజు కుళ్ళబెట్టడం కూడా వేడితో పెరుగుతుంది గాని, రెండు రెట్లకు కాస్త అటూ ఇటూ. ఈ లెక్కన మా ఇంటి దూలాలకి రాబోయేది గడ్డుకాలం, చెదలకి పండగ.

అలాగని అన్నింటికీ పండగ కాదు. చలిదేశాల్లో ఒళ్ళంతా నూగుతో తిరిగే బంబుల్ ఈగలున్నాయి. ఒక చోట అవి కనిపించే అవకాశం ఉత్తర అమెరికాలో 46 శాతం, ఐరోపాలో 17 శాతం పడిపోయిందని 2020లో లెక్క తేల్చారు. అవి అలవాటు పడ్డ వేడిని దాటిన రోజులు ఎక్కడ పెరిగాయో అక్కడే తగ్గుదల ఎక్కువ. కాబట్టి ఎండ అస్సలు లెక్కే కాదని నేను అనబోవడం లేదు. మన వైపు వాటికి ఎండ మొదటి శత్రువు కాదంటున్నాను, అంతే. రోళ్ళు పగిలే ఎండని వేల తరాలుగా చూసిన జాతులివి.

మరి మార్చి వాన సంగతేమిటి?

పుట్ట ఊపిరి

ఇక్కడ నేను ఒక సిద్ధాంతం అల్లుకుని ఆర్నెల్లు మురిసిపోయాను. అదెలా కూలిందో కూడా చెప్తాను.

మన వైపు పొలాల్లో మడతలు మడతలుగా లేచే పుట్టల్ని కట్టే చెదపురుగుల మీద, ఎల్. మహదేవన్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పాటు మరో ఇద్దరు బెంగళూరులో పనిచేసి 2015లో ఒక సంగతి చెప్పారు. పగలు పుట్ట బయటి మడతలు ముందు వేడెక్కుతాయి, వాటిలో గాలి పైకి లేస్తుంది, మధ్య గొట్టంలో కిందికి దిగుతుంది. రాత్రి మడతలు ముందు చల్లబడతాయి, గాలి తిరగబడుతుంది. పగలూ రాత్రీ తేడాయే పుట్టకి ఊపిరి. లోపల పురుగులతో పాటు అవి పెంచుకునే బూజుతోట కూడా ఉంటుంది. అదే వానలకి పుట్టకొక్కులై పైకొచ్చి, మనకి కూరవుతుంది. పురుగులూ, తోటా కలిసి వదిలిన పాడుగాలి పగలంతా పోగై, రాత్రి బయటికి పోతుంది.

ఇది చదివాక ఒక ఆదివారం మధ్యాహ్నం మా గట్టు పుట్ట దగ్గర కూర్చున్నాను. పడమటి మడత మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. తూర్పు మడత సందులో చెయ్యి దూర్చితే కుండలా చల్లగా ఉంది. పైన పెచ్చు ఒకటి, అగ్గిపెట్టంత, పుల్లతో ఊడగొట్టాను. లోపల నున్నటి గొట్టం. ముందు పెద్ద తలకాయల సిపాయిలు నాలుగైదు వచ్చి కొమ్ములు ఆడించాయి. వాటి వెనక పనివాళ్ళు, ఒక్కొక్కటీ నోట్లో ఆవగింజంత తడిమట్టి ముద్దతో వచ్చి, అంచు మీద పెట్టి, తలతో రెండుసార్లు నొక్కి, వెనక్కి తిరిగి పోతున్నాయి. ఒకటి పెట్టినచోటే ఇంకొకటి పెడుతోంది. మేస్త్రీ లేడు, గీత లేదు. గంట తర్వాత కన్నం నా వేలు దూరేంత. సాయంత్రం వెళ్ళేసరికి మూసేసి, కొత్త మట్టి మాత్రం చుట్టూ ఉన్నదానికంటే నల్లగా తడిగా ఉంది.

నా సిద్ధాంతం ఏమిటంటే, ఇప్పుడు రాత్రులు చల్లబడటం లేదు. పగటి ఎండ గురించే మనం గోల పెడతాం గాని, ప్రపంచంలో నేల మీద చాలాచోట్ల వెచ్చటి రాత్రులు పెరిగాయి. డాబా మీద పడుకుంటే తెల్లారుజామున దుప్పటి వెతుక్కోవడం అనేది మా అమ్మకి గుర్తుంది, మా అబ్బాయికి తెలీదు. పగటికీ రాత్రికీ తేడా తగ్గితే పుట్టకి ఊపిరాడదు. ఎంత అందంగా ఉందో చూడండి. ఒక సాహిత్య సభలో ఇద్దరు మిత్రులకి చెప్తే "దీని మీద కవిత రాయొచ్చు" అన్నారు. అప్పుడే అనుమానం రావలసింది నాకు.

ఒక పెళ్ళికి కళింగపట్నం వెళ్ళినప్పుడు సిద్ధాంతం కూలింది. సముద్రపు గాలి కొట్టే చోటు. పగటికీ రాత్రికీ తేడా మా ఊళ్ళో ఉన్నంత ఎప్పుడూ ఉండదు అక్కడ. విడిది ఇంటి వెనక తాటితోపులో పుట్టలు. నడుమెత్తు పుట్టలు, నిక్షేపంగా, ఈ మధ్యే వేసిన తడిమట్టితో సహా. తేడా తక్కువైనచోట కూడా బతుకుతున్నాయి మరి. కట్టడం కాస్త మార్చుకుంటాయేమో, మడతలు పల్చగా, లోతుగా తీస్తాయేమో. అగ్గిపెట్టంత కన్నాన్ని పూట గడిచేలోగా మూసేసే జాతికి, నలభై ఏళ్ళలో మెల్లగా మారే రాత్రికి తగ్గట్టు ఇల్లు సర్దుకోవడం రాదని నేనెలా అనుకున్నాను?

అందరూ ఒకేసారి

మెల్లగా వచ్చేదాన్ని ఇవి సర్దుకోగలవు, ఒప్పుకున్నాను. కాని ఉసుళ్ళు లేవడం మెల్లగా జరిగేది కాదు. అది ఒక్క సాయంత్రం.

పుట్ట రెక్కల పిల్లల్ని నెలల తరబడి పెంచుతుంది. అవి తినడమే గాని పని చెయ్యవు. అన్నీ తయారై లోపల గదుల్లో వాన కోసం కాచుకుని ఉంటాయి. తగిన వాన, తగిన తేమ, తగిన వేళ కలిసొస్తే పనివాళ్ళు కన్నాలు తెరుస్తారు. చుట్టుపక్కల పుట్టలన్నీ అదే గంటలో తెరుస్తాయి. ఎవరూ ఎవరికీ కబురు పెట్టరు. వానే కబురు. ఒకేసారి లేవడంలో రెండు లాభాలు. పక్షులు, కప్పలు, బల్లులు, కుక్కలు, మా నాయనమ్మ, అందరూ తినగా ఇంకా మిగులుతాయి. రెండోది, ఒక పుట్ట ఆడది ఇంకో పుట్ట మగదాన్ని కలుస్తుంది. రెక్కలు రాల్చుకుని, ముందు ఆడది, దాని వెనకే మగది, రైలు పెట్టెల్లా నేలమీద పరిగెత్తి, తడిమట్టిలో చిన్న గుంట తవ్వుకుని దిగుతాయి. ఆ తడి నాలుగు రోజులు నిలిచి, ఆ వెనక మరో వాన పడితేనే కాపురం.

మార్చి వానలో ఇవన్నీ జరిగాయి, చివరిదొక్కటి తప్ప. మర్నాటి నుంచి మళ్ళీ 38 డిగ్రీల ఎండ. మంగళవారానికి నేల పెంకులా గట్టిపడింది. మధ్యలో ఎన్ని జంటలు దిగాయో, ఎన్ని మాడిపోయాయో నేను తవ్వి చూడలేదు. వసారా మూల మట్టికుండీలో ఒక జంట దిగడం మాత్రం చూశాను, ఆ కుండీకి అమ్మ రోజూ నీళ్ళు పోస్తుంది కాబట్టి దాని సంగతి లెక్కలోకి రాదు.

నేను చెప్పదలుచుకున్న మాట ఇక్కడుంది. సంఘజీవులైన ఈ పురుగులకి వాతావరణ మార్పు చేసే హాని వేడి కంటే ముందు తప్పుడు కబురు. వీటి బలమంతా అందరూ ఒకేసారి కదలడంలో ఉంది. ఒంటరిగా బతికే పురుగు ఒకటి వేళ తప్పి బయటికొస్తే ఒకటే పోతుంది. పుట్ట వేళ తప్పితే ఏడాది సంపాదన ఒక్క రాత్రిలో పోతుంది.

మావయ్యకి ఇది చెప్తే ఆయన ఒప్పుకోలేదు. "పుట్టేటి ఎర్రిదా? రైతు ఇత్తనాలన్నీ ఒక్క జల్లుకే జల్లేస్తాడేటి? కొంత దాచుకోడా?" అన్నాడు. ఆశ్చర్యం ఏమిటంటే ఆయన మాటకే పుస్తకాల సాక్ష్యం ఉంది. చాలా రకాల చెదలు రెక్కలవాటిని ఒకే విడతలో పంపవు, రెండు మూడు వానలకి పంచుతాయి. వేళ తప్పిన వానలు కొత్త కాదు కదా, లక్షల ఏళ్ళుగా మధ్య మధ్య పడుతూనే ఉన్నాయి. దాచుకునే తెలివి లేని పుట్టలు ఎప్పుడో పోయుంటాయి. అప్పుడు నా మాట సగం బలం పోయినట్టే. అయితే జూన్లో మావి ఎందుకు లేవలేదు? దాచుకున్నవి ఏమయ్యాయి?

దీనికి జవాబు మావయ్య మొదటి ఫోనులోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పదకొండు పుట్టలున్నప్పుడు, ఒక తప్పుడు వానకి అయిదు మోసపోయినా ఆరింట్లో నిల్వ ఉంటుంది. ఒకటి తొందరపడుతుంది, ఒకటి ఆగుతుంది, ఒకటి నీడలో ఉండి వాన సంగతే సరిగా తెలుసుకోదు. రెండే పుట్టలున్నప్పుడు, ఒకటి మార్చిలో అంతా ఖర్చు పెట్టేస్తే, జూన్లో రెండోది లేచినా అవి కలవాల్సిన పొరుగువాళ్ళు లేరు. ఉసుళ్ళు మహా అయితే కొన్ని వందల గజాలు ఎగురుతాయి, అది కూడా గాలివాటున. పెళ్ళికొడుకుని వెతకడానికి పక్క ఊరు పోలేవు. పొక్లెయిన్ తీసుకెళ్ళింది తొమ్మిది పుట్టల్ని మాత్రమే కాదు, మిగిలిన రెంటికీ తప్పు చేసే వెసులుబాటుని కూడా. మావయ్యా నేనూ ఏడాది పాటు వాదించుకున్నది ఒకే నష్టం గురించి.

ఇది నా రెండు పుట్టల లెక్క. శాస్త్రం కాదు. కాని 'పుట్టలు పీకడమా, వాతావరణమా' అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నాకు ఆ ప్రశ్నే తప్పనిపిస్తోంది.

నా ఓటు

ఇంకొకటి చెప్పకుండా దాటేస్తే బాగుండదు. విజయనగరంలో మేముండే అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు సన్‌షేడ్ కింద రెండేళ్ళ క్రితం పెద్దీగలు తేనెపట్టు పెట్టాయి. చేటంత పట్టు. కొండల నుంచి పూతల వెంట వచ్చి, పూతలు అయిపోగానే వెళ్ళిపోయే జాతి ఇది. గద్ద నీడ పడితే పట్టు మీద ఈగలన్నీ వెనక భాగాలు ఎత్తి ఒక అల కదిలిస్తాయి, నీళ్ళలో రాయి వేసినట్టు. బాల్కనీలోంచి మా అబ్బాయి రోజూ చూసేవాడు. నెలన్నర ఆగితే వాటంతట అవే పోతాయని నాకు అప్పటికే తెలుసు.

అసోసియేషన్ మీటింగులో చేతులెత్తమన్నారు. ఒకావిడ మనవడికి ఈగ కుట్టి కన్ను వాచిందని ఫోటో చూపించారు. నేనూ చెయ్యెత్తాను. ఆ పిల్లవాడి మొహం చూశాక ఎత్తకుండా ఉండటం చాతకాలేదు, ఇప్పటికీ అవుతుందని చెప్పలేను. రాత్రి పదింటికి ఇద్దరు మనుషులు వచ్చి, వెదురుగడకి ఎండు కొబ్బరాకులు కట్టి, కిరసనాయిలు పోసి వెలిగించారు. అయిదు నిమిషాల పని. పొద్దున్న వాచ్‌మన్ రెండు బకెట్ల ఈగల్ని చీపురుతో ఎత్తాడు. గోడకి కరిగిన మైనం చార ఇంకా ఉంది. అదే వారం నేను తేనెటీగలు తగ్గిపోతున్నాయన్న వీడియో ఒకటి పదిమందికి పంపాను.

ఉద్దానంలో ఉన్న మా చిన్నత్త దగ్గర ఇదే కథ ఇంకో రూపంలో విన్నాను. వాళ్ళ జీడితోటలో ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలు ఉండేవి. పిల్లపురుగుని నోట కరిచి, దాని దారంతో ఆకుల అంచులు కలిపి కుడతాయి అవి. జీడి చిగుళ్ళు పీల్చేసే టీదోమని పట్టి తింటాయి. పిక్కలేరేవాళ్ళకి మాత్రం నరకం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి ఆ చెట్లని కూకటివేళ్ళతో పడేసింది. ఒక చీమల కుటుంబం పది పదిహేను చెట్ల మీద పరుచుకుని ఉంటుంది, రాణి మాత్రం ఏదో ఒక చెట్టు మీదే. ఆ చెట్టు పడితే కుటుంబం మొత్తం పడ్డట్టే. అత్త వాళ్ళు మళ్ళీ మొక్కలు వేశారు. అవి ఎదిగాయి, పూత కూడా వస్తోంది. చీమలు రాలేదేమని అడిగితే అత్త నవ్వింది. "వచ్చాయమ్మా, ఎందుకు రావు? మందు కొట్టించాం. కరుస్తన్నాయని కూలోళ్ళు రామన్నారు." ఇప్పుడు టీదోమకి వేరే మందు కొట్టిస్తున్నారు.

అత్తని తప్పు పట్టే అర్హత ఆ వెదురుగడ ఖర్చుకి వాటా ఇచ్చినవాడికి ఉండదు. తుపాను తర్వాత చీమలు తిరిగి వచ్చాయన్న సంగతి మాత్రం నాకు బలంగా గుర్తుండిపోయింది. అవి రాగలిగాయి, పక్కన ఎక్కడో పడని చెట్లున్నాయి కాబట్టి.

ఈ జూన్

ఈ ఏడు మార్చిలో వాన పడలేదు. జూన్ 11న సాయంత్రం అయిదింటికి మా ఊళ్ళో మంచి వాన కొట్టింది. నేను సెలవు పెట్టి ఊళ్ళోనే ఉన్నాను. ఏడింటికి గట్టు పుట్ట దగ్గరికి టార్చి పట్టుకుని వెళ్ళాను. అడుగున మూడుచోట్ల కన్నాలు తెరిచి ఉన్నాయి. సిపాయిలు అంచున కాపలా కాస్తున్నాయి. వాటి వెనక చీకట్లో రెక్కల మెరుపు. ఒకటి బయటికొచ్చి, గడ్డిపరక ఎక్కి, రెక్కలు విప్పి ఎగిరింది. ఇంకొకటి. మొత్తం ముప్పయ్యో నలభయ్యో వచ్చి ఉంటాయి, అక్కడితో ఆగిపోయాయి. రోడ్డు మలుపు పుట్ట దగ్గరికి వెళ్ళాను. పైన కొత్తగా వేసిన వీధిలైటు పగలులా కాస్తోంది. పుట్ట అంతా తడిసి నున్నగా ఉంది. ఎక్కడా కన్నం లేదు. ఎనిమిదిన్నర దాకా అక్కడే గొంతుక్కూర్చున్నాను. బైకు మీద పోతున్న కుర్రాడు ఆగి "ఏటి సార్, పామేటి?" అని అడిగి వెళ్ళాడు.

ఇంటికొచ్చేసరికి మావయ్య ఫోను.

"అల్లుడూ, మాకు ఇరగదీసినాయిరా. బల్బు కనపడ్డం లేదు. మీకు?"

"ఒక పుట్టలోంచి నలభై. రెండోది తెరవనే లేదు."

అవతల కాసేపు మాట లేదు. ఎనిమిది కిలోమీటర్ల అవతల ఆయన వసారాలో రెక్కల చప్పుడు ఫోన్లో వినిపిస్తోందేమో అని చెవి గట్టిగా ఆనించాను. ఫ్యాను చప్పుడే.

"అయితే ఇక్కడ నాలుగు సీసాలో ఏసి అట్టుకొచ్చీమంటావేటి? పొద్దున్న బస్సుకి వచ్చీగలను."

ఆయన వేళాకోళం ఆడుతున్నాడో, నిజంగానే అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. స్పీకర్లో విన్న అమ్మ వంటింట్లోంచి కేకేసింది: "తెమ్మను, గాని సీసా నాకియ్యమను. వీడికిస్తే ఫోటోలు తీస్తాడు."